వసంతకాలంలో పెంపుడు జంతువుల సంరక్షణ: ఏది ముందు, ఏది తర్వాత

చలి తగ్గిన కొద్ది వారాలకు కుక్కలు, పిల్లులు పెంచేవాళ్ళ దగ్గర్నుంచి వచ్చే ప్రశ్నలు దాదాపు ఇవే. "చెవిలో గోమారి కనిపించింది, ఏం మందు వెయ్యాలి?" "పాదాలు తెగ నాకుతోంది, తిండి మార్చాలా?" "బొచ్చు కుప్పలుగా ఊడుతోంది, ఏమైనా జబ్బా?" జవాబులున్నాయి. కాకపోతే అడిగే వేళకే నెల ఆలస్యం అయిపోయి ఉంటుంది. ఈ కాలపు తిప్పలు చాలావరకు వరస తప్పడంతోనే మొదలవుతాయి కాబట్టి, ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్నదాని ప్రకారమే చెబుతాను.

1. ఎండ ముదరక ముందే డాక్టరు దగ్గర తేల్చుకోవాల్సినవి

జంతువు బాగా ఉన్నప్పుడు పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళడం చాలామందికి దండగ అనిపిస్తుంది. నిజానికి ఈ ఒక్క విజిట్‌తోనే మిగతా పనులన్నీ ఒక దారిలో పడతాయి. వెళ్ళేటప్పుడు వ్యాక్సిన్ కార్డు, గత సంవత్సరం వాడిన మందుల పేర్లు పట్టుకెళ్ళండి.

☐ బరువు చూపించండి. గోమార్ల మందు, నులిపురుగుల మందు మోతాదులు బరువును బట్టే ఉంటాయి. ఎదిగే కుక్కపిల్లలకు, పిల్లికూనలకు రెండు నెలల కిందటి బరువు పనికిరాదు.

☐ రేబిస్‌తో పాటు మిగతా బూస్టర్ల తేదీలు చూసుకోండి. కుక్కపిల్లలకు టీకాలు 6 నుంచి 8 వారాల వయసులో మొదలై, 2 నుంచి 4 వారాలకోసారి చొప్పున కనీసం 16 వారాలు వచ్చేదాకా సాగుతాయి. ఆ కోర్సు పూర్తయ్యేదాకా ఊరకుక్కలు తిరిగే నేల మీద దించకండి. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది.

☐ లెప్టోస్పైరోసిస్ టీకా అవసరమా అని అడగండి. ఎలుకల మూత్రం కలిసిన మడుగులు, బురద నుంచి ఇది సోకుతుంది, మనుషులకూ వస్తుంది.

☐ దోమలున్న చోట హార్ట్‌వర్మ్ గురించి అడగండి. దోమకాటుతో ఒంట్లో చేరిన ఈ పురుగు పరీక్షలో దొరకడానికి సుమారు 6 నెలలు పడుతుంది. నెలనెలా వేసే నివారణ మందు గడిచిన నెల రోజుల్లో చేరిన పిల్ల పురుగుల్ని చంపుతుంది గానీ, గుండెలో ఎదిగిన పురుగుకు అది వైద్యం కాదు. అందుకే ముందు రక్తపరీక్ష, తర్వాతే మందు.

☐ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడపిల్లి ఉంటే తేదీ ఇప్పుడే తీసుకోండి. పగటి వెలుగు పెరిగే కొద్దీ పిల్లులు ఎదకు వస్తాయి, నాలుగైదు నెలల వయసుకే గర్భం ధరించగలవు. మగవాటికైతే గోడలు దూకి పారిపోయే కాలం ఇదే.

☐ మెడపట్టీ మీద ఫోన్ నంబరు చెరిగిపోయిందేమో చూడండి. చర్మం కింద పెట్టే మైక్రోచిప్ ఉంటే, దాని పేరిట నమోదైన మీ ఫోన్ నంబరు, చిరునామా ఇప్పటివేనా అని సరిచూసుకోండి. చిప్‌కు జీపీఎస్ ఉండదు. ఎవరో స్కాన్ చేస్తేనే అది మాట్లాడుతుంది.

2. గోమార్లు, ఫ్లీల మందు: ఎంచుకోవడం, వెయ్యడం

గోమార్లు, అంటే టిక్స్, గడ్డి కొసలకు ఎక్కి ముందుకాళ్ళు చాచి కూర్చుంటాయి. పక్కనుంచి ఏ జంతువు రాసుకుంటూ పోయినా దాన్ని పట్టుకుంటాయి. ఫ్లీలు వేరే. బొచ్చు వేళ్ళ మధ్య చరచరా పరుగెత్తి, పట్టుకోబోతే ఎగిరి దూకే సన్నటి గోధుమరంగు పురుగులవి.

నోటి మాత్ర, మెడ మీద రాసే స్పాట్‌ఆన్ మందు, మెడపట్టీ అని మూడు రకాలున్నాయి. వారానికోసారి స్నానం చేయించే ఇంట్లో మాత్రే నయం, నీళ్ళకు పోదు. ఇదివరకు ఫిట్స్ వచ్చిన కుక్క అయితే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. అఫాక్సోలానర్, ఫ్లూరలానర్ తరహా మాత్రలు అలాంటి వాటికి జాగ్రత్తగా ఇవ్వాల్సినవి.

స్పాట్‌ఆన్ వేసే పద్ధతి:

1. ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు స్నానం వద్దు. షాంపూ చర్మం మీది నూనెను కడిగేస్తుంది, మందు ఒంటికంతా పాకేది ఆ నూనెతోనే.
2. పుర్రె కింద, మెడ పైభాగంలో నాలుక అందని చోట వెంట్రుకల్ని రెండు వేళ్ళతో పాపిడి తీసినట్టు విడదీయండి. తెల్లటి చర్మం కనబడాలి.
3. ట్యూబు మూతిని చర్మానికి ఆనించి పూర్తిగా పిండండి. పిండాక వేళ్ళ పట్టు వదలకుండానే ట్యూబు పైకి తీయండి. లేకపోతే సగం మందు వెనక్కి పీల్చుకుపోతుంది.
4. ఆరేదాకా నిమరకండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

వెంట్రుకల పైన కారిపోయిన మందు వేసినా వెయ్యనట్టే. "మందు పని చెయ్యలేదు" అన్న ఫిర్యాదుల్లో ముందు అనుమానించాల్సింది దీన్నే.

ఇక ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు ఒకటుంది. కుక్కల మందును పిల్లికి వెయ్యడం. కుక్కల స్పాట్‌ఆన్‌లలో చాలావాటిలో ఉండే పెర్మెత్రిన్ అనే పురుగుమందును విరగ్గొట్టే శక్తి పిల్లి కాలేయానికి లేదు. వణుకు, ఫిట్స్ మొదలై చనిపోవచ్చు. "కొంచెమే వేశాను" అన్నది ఇక్కడ చెల్లదు. రెండూ ఉన్న ఇంట్లో, కుక్కకు ఈ మందు రాశాక లేబుల్ మీద చెప్పినంతసేపు పిల్లిని వేరే గదిలో ఉంచండి. అలాగే ఫిప్రోనిల్ ఉన్న మందు కుందేలుకు వాడకూడదు.

3. రోజూ చేత్తో తడిమి చూడటం

మందు వేసినా ఇది ఆపకూడదు. కొన్ని మందులు పురుగు కుట్టాకే దాన్ని చంపుతాయి. లైమ్ వ్యాధి లాంటివి సోకడానికి గోమారి సాధారణంగా ఒక రోజుకు పైగా అంటిపెట్టుకుని ఉండాలి. అంటే ఏ రోజుకారోజు తీసేస్తే ముప్పు చాలా తగ్గుతుంది. అయితే అన్ని జబ్బులకూ ఇంత గడువుండదు, గోమార్లతోనే వచ్చే ఎర్లీకియా అనే జబ్బు కొన్ని గంటల్లోనే సోకగలదు.

బయటినుంచి వచ్చిన వెంటనే, తలనుంచి తోకదాకా ఒకే వరసలో వెళ్ళండి. కంటితో కాదు, వేళ్ళ కొసలతో చూడాలి. వత్తుగా ఉన్న బొచ్చులో గోమారి కనబడదు, గింజలా చేతికి తగులుతుంది.

☐ చెవి లోపలి మడతలు, చెవి అంచులు
☐ కనురెప్పలు, పెదవుల చుట్టూ
☐ మెడపట్టీ తీసి, దాని కింద
☐ చంకలు, తొడల మధ్య
☐ కాలివేళ్ళ సందులు, నాలుగు పాదాలూ
☐ తోక మొదలు, తోక కింద

పొట్ట మీద చనుమొనల్ని గోమార్లనుకుని లాగేవాళ్ళున్నారు. మగ కుక్కలకూ చనుమొనలుంటాయి. రెండు వరసల్లో ఎదురెదురుగా ఉన్నాయా, మొదట్లో సన్నటి కాళ్ళు కనిపిస్తున్నాయా అని వెలుతురులో చూశాకే చెయ్యి వెయ్యండి.

4. గోమారిని తీసే పద్ధతి

కావాల్సినవి: సన్నమూతి ట్వీజర్ లేదా గోమార్లు తీసే కొక్కెం, చేతికి గ్లవుజులు, మూత ఉన్న చిన్న సీసాలో స్పిరిట్, క్రిమిసంహారక ద్రావణం, జంతువును పట్టుకోవడానికి ఇంకొకరు.

1. వెంట్రుకల్ని పక్కకు తీసి, గోమారి తల చర్మంలోకి దిగిన చోటు కనబడేలా చేసుకోండి.
2. ట్వీజర్‌తో పొట్టను కాదు, చర్మానికి ఆనుకుని ఉన్న తల భాగాన్ని పట్టుకోండి. ఉబ్బిన పొట్టను నొక్కితే అందులోని రక్తం, క్రిములు గాయంలోకి వెనక్కి పోతాయి.
3. కుదుపు లేకుండా నిటారుగా, నిలకడగా పైకి లాగండి. చర్మం కాస్త పైకి లేస్తుంది. భయపడి వదిలెయ్యకండి, ఆ పట్టు అలాగే ఉంచితే కొద్ది క్షణాల్లో ఊడి వస్తుంది. మెలి తిప్పడం కొక్కెంతో తీసేటప్పుడు మాత్రమే.
4. స్పిరిట్ సీసాలో వేసి మూత పెట్టండి. గోటితో నలపకండి.
5. కుట్టిన చోటు తుడిచి, తేదీ రాసి పెట్టుకోండి.

నోటి ముక్క చర్మంలో ఉండిపోతే సూదితో కెలకకండి. చాలావరకు అదే బయటికి వస్తుంది. వాపు పెరిగితే డాక్టరుకు చూపించండి. కిరోసిన్ పొయ్యడం, అగ్గిపుల్లతో కాల్చడం, వ్యాసిలిన్ పుయ్యడం ఇప్పటికీ వింటూనే ఉన్నాం. చర్మం కాలడం ఒక నష్టం, బెదిరిన గోమారి లాలాజలాన్ని ఇంకా లోపలికి వదలొచ్చు, అది రెండో నష్టం.

తర్వాతి నాలుగు వారాలు కన్నేసి ఉంచండి. జ్వరం, తిండి మానెయ్యడం, కుంటడం, చిగుళ్ళు పాలిపోవడం, ముక్కునుంచి రక్తం, ముదురు రంగు మూత్రం. ఇందులో ఏదొచ్చినా డాక్టరుతో మొట్టమొదట చెప్పాల్సిన మాట "ఫలానా తేదీన గోమారి కుట్టింది" అని.

5. ఫ్లీలైతే ఇంటికే వైద్యం

ఉన్నాయో లేవో తేల్చుకోవడానికి తెల్లటి టిష్యూ చాలు. దాన్ని తడిపి పరిచి, జంతువు నడుము మీది బొచ్చును సన్నపళ్ళ దువ్వెనతో దువ్వి ఆ నలుసుల్ని దాని మీద దులపండి. నల్లటి నలుసు చుట్టూ కాసేపటికి ఎర్రటి గోధుమరంగు మరక పాకితే అది ఫ్లీ మలం, అంటే జీర్ణమైన రక్తం. మరక రాకపోతే అది మామూలు మట్టి.

ఒంటి మీద కనిపించే పెద్ద పురుగులు మొత్తంలో 5 శాతం మాత్రమే. మిగతాదంతా గుడ్లు, లార్వాలు, గూళ్ళ (ప్యూపాల) రూపంలో తివాచీల్లో, పరుపుల్లో, సోఫా సందుల్లో ఉంటుంది. అందుకే:

☐ ఇంట్లో ఉన్న ప్రతి కుక్కకు, పిల్లికి ఒకే రోజున, దాని జాతికి తగిన మందు
☐ పడక బట్టలు 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతకడం, వారానికోసారి
☐ వ్యాక్యూమ్ చేసి, ఆ సంచిని వెంటనే ఇంటి బయట పారెయ్యడం
☐ కనీసం మూడు నెలలు మందు ఆపకుండా ఉండటం

రెండో వారంలో మళ్ళీ పురుగులు కనిపిస్తాయి. గూళ్ళలో ఉన్నవి మందులకు లొంగవు, అవి ఒక్కొక్కటే బయటికొచ్చి చావాల్సిందే. అక్కడే చాలామంది విసిగి మందు మార్చేస్తారు. మార్చకండి.

మలద్వారం దగ్గర బియ్యపు గింజల్లాంటివి అంటుకుని ఉంటే అది బద్దెపురుగు. ఫ్లీలను మింగితే వస్తుంది. నులిపురుగుల మందు ఒక్కటే ఇచ్చి ఫ్లీలను వదిలేస్తే అది మళ్ళీ వస్తుంది.

6. తోటపని, ఇల్లు దులపడం మొదలెట్టే ముందు

పిల్లి ఉన్న ఇంట్లోకి లిల్లీ పూలు తేవద్దు. అసలైన లిల్లీలు, డే లిల్లీలు రెండూ అంతే. ఆకు, రేకు, ఒంటి మీద రాలిన పుప్పొడిని నాకడం, ఆఖరికి పూలు పెట్టిన జాడీలోని నీళ్ళు కూడా మూత్రపిండాల్ని పాడుచేస్తాయి. మొదట వాంతులవుతాయి, తర్వాత కుదుటపడినట్టు అనిపిస్తుంది. ఆ కుదుటపడటాన్ని నమ్మి ఆగితే చెయ్యి దాటిపోతుంది. 18 గంటలలోపు వైద్యం మొదలైతేనే ఆశ ఎక్కువ.

కుక్కలకు ప్రమాదకరమైనవి గన్నేరు, ఇది గుండెను దెబ్బతీస్తుంది. సైకస్ మొక్క, ముఖ్యంగా దాని గింజలు, ఇవి కాలేయాన్ని. డాఫోడిల్, తులిప్ దుంపలు. తవ్వే అలవాటున్న కుక్కకు దుంపలు కనిపిస్తే చాలు.

ఎముకపొడి, రక్తపుపొడి ఎరువులు వాసనకు ఊరిస్తాయి, ఎక్కువగా తింటే పేగుల్లో గడ్డకట్టి అడ్డుపడతాయి. నత్తల మందులో ఉండే మెటల్డిహైడ్ కొద్ది గంటల్లోనే వణుకు, ఫిట్స్ తెప్పిస్తుంది. ఎలుకల మందు తీరు వేరు. రక్తం గడ్డకట్టకుండా చేసే రకం తిన్న కుక్క మూడు నాలుగు రోజులు చలాకీగానే ఉంటుంది, తర్వాత లోపల రక్తస్రావం మొదలవుతుంది. కాబట్టి తిన్నదని తెలిసిన రోజే వెళ్ళాలి, లక్షణాల కోసం చూడకూడదు.

☐ కలుపుమందు, పురుగుమందు కొట్టిన చోటికి అది పూర్తిగా ఆరేదాకా పంపకండి
☐ కంపోస్టు గుంతకు మూత. బూజు పట్టిన వ్యర్థాలు తిన్నా ఫిట్స్ వస్తాయి
☐ ఫినాయిల్‌తో తుడిచిన నేలమీద పిల్లిని నడవనివ్వకండి. పాదాలు నాక్కుంటుంది
☐ ఘాటైన నూనెలు, ముఖ్యంగా టీట్రీ నూనె, ఒంటికి రాయకండి
☐ గాలి కోసం తెరిచే ప్రతి కిటికీకీ గట్టి జాలీ. దోమతెర పిల్లి బరువును ఆపదు

7. దురద

పుప్పొడి పడకపోతే మనకు తుమ్ములొస్తాయి, కుక్కలకు మాత్రం చర్మం మీద తేలుతుంది. పాదాలు నాకడం, చెవులు గోక్కోవడం, పొట్ట ఎర్రబడటం. తెల్ల పాదాలున్న కుక్కకు వేళ్ళ మధ్య బొచ్చు తుప్పు రంగులోకి మారితే, చాలాకాలంగా నాకుతోందని అర్థం. అది ఉమ్ము మరక.

తిండి మార్చడం ఆఖరి మెట్టు. ముందు ఫ్లీలు లేవని తేల్చుకోండి, ఎందుకంటే పడని జంతువుకు ఒకటి రెండు కాట్లు చాలు. తర్వాత నడక నుంచి రాగానే పాదాలు, పొట్ట తడిగుడ్డతో తుడిచి, వేళ్ళ మధ్య తడి లేకుండా ఆరబెట్టండి. తడి మిగిలితే ఫంగస్ తోడవుతుంది. వారం రోజుల్లో తగ్గకపోయినా, చెవి వాసన వస్తున్నా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. దురద ప్రతి ఏటా ఏ నెలలో మొదలవుతుందో రాసి ఉంచితే, రోగం తేల్చడంలో ఆ కాగితం చాలా పనికొస్తుంది.

మన ఇంట్లో ఉన్న అలర్జీ మాత్రలు సొంతంగా ఇవ్వకండి. జలుబు మందు కలిసినవి గుండెవేగం పెంచి ప్రాణం తీస్తాయి. పారాసెటమాల్ పిల్లికి విషం. ఐబుప్రొఫెన్ కుక్కకూ, పిల్లికీ చేటే.

8. బొచ్చు

ఇంతింత ఊడటం ఈ కాలంలో మామూలే. ఊడిన చోట చర్మం కనబడుతున్నా, గుండ్రటి మచ్చలుగా పోతున్నా మాత్రం జబ్బే.

దువ్వడం ముందు, స్నానం తర్వాత. ఉండలు కట్టిన బొచ్చు తడిస్తే ఇంకా బిగుసుకుని చర్మాన్ని లాగుతుంది. ఉండల్ని కత్తెరతో కొయ్యకండి, కింద చర్మం కూడా లేచి వచ్చి తెగుతుంది. రెండు పొరల బొచ్చున్న కుక్కకు ఎండకని గుండు కొట్టించడం వద్దు. లోపలి పొరను దువ్వి తీసేస్తే చాలు, పైపొర ఎండనుంచి కాపాడుతుంది.

9. బయటికి తీసుకెళ్ళేటప్పుడు

చలికాలమంతా ఇంట్లో పడుకున్న కుక్కను మొదటి వారమే పరుగు పెట్టిస్తే మోకాలి లిగమెంటు తెగొచ్చు. నడకను వారం వారం కొద్దికొద్దిగా పెంచండి.

వడదెబ్బ నడివేసవిలోనే వస్తుందనుకోకండి. శరీరం ఇంకా ఎండకు అలవాటు పడకముందు వచ్చే మొదటి వేడిరోజులే ప్రమాదం. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడిముక్కు జాతులకు మరీను. బయట 22 డిగ్రీలే ఉన్న రోజున కూడా మూసిన కారు లోపల గంటలో 47 డిగ్రీలకు చేరొచ్చు. అద్దం కాస్త దించినా పెద్ద తేడా ఉండదు. ఆగని రొప్పు, జిగురు చొంగ, తూలడం కనిపిస్తే ముందు నీళ్ళు పోసి, ఫ్యాన్ గాలి తగిలేలా చల్లబరచండి, ఆ తర్వాతే బండెక్కించండి. తడిగుడ్డ కప్పి వదిలేస్తే లోపలి వేడి బయటికి పోదు.

ఎండిన గడ్డిముళ్ళు వేళ్ళ సందుల్లో, చెవిలో, ముక్కులో దిగి లోపలికే ప్రయాణిస్తాయి, వెనక్కి రావు. నడక తర్వాత ఉన్నట్టుండి వరసగా తుమ్మినా, తల ఒకవైపుకు వంచి విదిలించినా అదే రోజు చూపించాలి.

తేనెటీగ కుడితే ముల్లు వెంటనే తీసి చన్నీళ్ళ కాపడం పెట్టండి. ముఖం వాచినా, వాంతులైనా, కాళ్ళు తేలిపోయినా, నోటి లోపల కుట్టినా ఆలస్యం వద్దు. పాము కాటుకు కట్టు బిగించడం, కొయ్యడం, పీల్చడం ఏవీ పనికిరావు. నడిపించకుండా ఎత్తుకుని తీసుకెళ్ళడమే.

10. కుందేళ్ళు, పక్షులు

కుందేలు వెనకభాగాన్ని వెచ్చటి రోజుల్లో పొద్దున, సాయంత్రం చూడండి. మలం అంటుకున్న బొచ్చులో ఈగలు గుడ్లు పెడితే ఒక్క రోజులోనే పురుగులు పుట్టి ఒంటిని తొలుస్తాయి. లేతగడ్డి ఒక్కసారిగా ఎక్కువ పెట్టకండి, రోజుకు గుప్పెడు చొప్పున పెంచండి. 12 గంటలు ఏమీ తినని కుందేలు అంటే అత్యవసరమే.

ఇంటికి రంగులు వేయించేటప్పుడు పంజరాన్ని వేరే చోటికి మార్చండి. మాడిన నాన్‌స్టిక్ పాత్ర పొగ పక్షిని నిమిషాల్లో చంపుతుంది. ఆడపక్షి పంజరం అడుగున ముక్కుతూ, తోక ఆడిస్తూ కూర్చుంటే గుడ్డు ఇరుక్కుందేమో అనుమానించండి.

11. విషం తిన్నదనిపిస్తే

1. నోట్లో మిగిలింది తీసేసి, జంతువును అక్కడినుంచి దూరం చెయ్యండి.
2. ఉప్పునీళ్ళు తాగించడం, వేళ్ళు పెట్టి కక్కించడం వద్దు. ఆమ్లాలు, పెట్రోలు లాంటివి పైకి వచ్చేటప్పుడు మళ్ళీ గొంతును కాలుస్తాయి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.
3. పొట్లం, మొక్క కొమ్మ, వాంతి ఏది దొరికితే అది సంచిలో వేసుకోండి.
4. బయలుదేరే ముందే ఫోన్ చెయ్యండి. చెప్పాల్సినవి: ఏం తింది, ఎంత, ఎన్ని గంటలకు, జంతువు బరువెంత, ఇప్పుడు ఎలా ఉంది.

రాత్రిపూట తెరిచి ఉండే ఆసుపత్రి నంబరు ఇవాళే ఫోన్‌లో ఎక్కించండి. ఇంకో కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి, మీరు లేనప్పుడు చూసుకునేవాళ్ళకు మీ ఫోన్ అందుబాటులో ఉండదు.